వాన కురిసే బొమ్మ: పాత సినిమా హాళ్లపై మీ ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఒకప్పుడు బొమ్మ ఎలా ఆడేదో అడగమంటే, వచ్చిన ఉత్తరాల్లో హీరోల మాట తక్కువ, మిషన్లుండే కేబిన్ మాట ఎక్కువ. సూర్యమహల్ జంక్షన్, రామలక్ష్మణ జంక్షన్ అని శ్రీకాకుళంలో ఇప్పటికీ ఆటో అబ్బాయికి చెబుతూనే ఉన్నాం కదా. ఊరి మీద అంతగా ముద్ర వేసిన హాళ్ల గురించి అడగాల్సిన ప్రశ్నలే అడిగారు.

విశాఖలో చూసొచ్చిన మా అన్నయ్య పాడి వినిపించిన పాట, మా ఊళ్లో బొమ్మ పడేసరికి సగమే ఉండేది. హాలువాళ్లు కోసేసేవారని అందరూ అనేవారు. నిజమేనా?
– ఆమదాలవలస పాఠకుడు

కోత కొంత, అరుగుదల ఎక్కువ. ముందు లెక్క చూడండి. 35 ఎం.ఎం. ఫిలింలో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేములు నడవాలి కాబట్టి నిమిషానికి 90 అడుగులు పోతుంది. 15,000 అడుగుల బొమ్మ 2 గంటల 47 నిమిషాలు ఆడుతుంది. 'పదిహేను రీళ్ల సినిమా' అన్నప్పుడు రీలంటే వెయ్యి అడుగులు. కేబిన్‌లో మాత్రం రెండేసి రీళ్లు కలిపి ఒక స్పూలుకి, అంటే మిషనుకి తగిలించే చక్రానికి, చుట్టేవారు. అది 22 నిమిషాలు వస్తుంది.

ఫిలిం తెగితే ఆపరేటర్ చిరిగిన ఫ్రేములు కత్తిరించి, ఒక కొస మీదున్న ఎమల్షన్ పొరని (బొమ్మ ఉండే పూతని) బ్లేడుతో గీకి, ఫిలిం సిమెంటు రాసి, రెండో కొస దానిమీద పెట్టి నొక్కి పట్టేవాడు. పొర పూర్తిగా గీకకపోతే సిమెంటు పట్టదు. అక్కడే మళ్లీ తెగుతుంది, ఇంకో రెండు ఫ్రేములు పోతాయి. అయినా పన్నెండు అతుకులకి రెండేసి ఫ్రేముల చొప్పున పోయింది ఒక్క సెకనే. పెద్ద నష్టం, మిషను పళ్లు పట్టి లాగే పక్క చిల్లులు వరసగా చిరిగినప్పుడు జరిగేది. మూడడుగులు తీసేశారంటే రెండు సెకన్లు గల్లంతు. స్పూలు మొదలూ చివరా చేతులు పడేదీ, నేలకి రాసుకునేదీ ఎక్కువ కనుక అక్కడి ఫిలిమే ముందు అరుగుతుంది. పాట గనక స్పూలు మొదట్లో పడిందా, పల్లవి విశాఖలో, మొదటి చరణం విజయనగరంలో వదిలేసి, మిగిలిన ముక్కతో ప్రింటు మీ ఊరికి దిగేది.

రెండో ఆటలో పాట ఎత్తేయడమూ అబద్ధం కాదు. దానికి కత్తెర అక్కర్లేదు. స్పూల్లో రెండు మూడు నిమిషాలు మిగిలి ఉండగానే, తర్వాతి స్పూలు ఎక్కించి ఉంచిన రెండో మిషనుకి మార్చేస్తే సరిపోయేది. ఏది అతుకో ఏది ఎత్తివేతో హాల్లో కూచునే కనిపెట్టొచ్చు. అతుకు దగ్గర ముందు బొమ్మ ఎగురుతుంది, ముప్పాతిక సెకను పైచిలుకు ఆగి 'టప్' మంటుంది. ఎందుకంటే ఫిలిం మొదట లెన్సు వెనక వెలుగు పడే గేటు దాటి, ఆ తర్వాత 20 ఫ్రేములకి సౌండు చదివే హెడ్డు దగ్గరకి చేరుతుంది. పని తెలిసిన ఆపరేటరైతే అతుకు మీద సౌండు గీత ఉన్నచోట నల్ల ఇంకుతో చిన్న త్రికోణం దిద్దేవాడు. అప్పుడా 'టప్' వినబడదు. మిషను ముందే మార్చేస్తే ఈ చప్పుడూ ఉండదు, రీలు మారే ముందు తెర మూలన మెరిసే చుక్కా పడదు. పాత్రలు మాత్రం ఒక్కసారిగా ఇంకో ఇంట్లో ఉంటాయి.

తెర మీద వాన కురిసినట్టు గీతలు పడేవి. కొన్ని నల్లగా, కొన్ని ఆకుపచ్చగా ఉండేవి. ఆ రంగు తేడా ఏటండీ?
– బొబ్బిలి పాఠకురాలు

గీత ఫిలింకి ఏ వైపు పడిందో రంగే చెబుతుంది. వెనకవైపు నున్నటి ప్లాస్టిక్ మీద పడిన గీత వెలుగుని చెదరగొడుతుంది కాబట్టి తెర మీద నల్లగా కనిపిస్తుంది. బొమ్మ ఉన్న ఎమల్షన్ వైపు పడితే కథ వేరు. కలర్ ప్రింటులో పైపొర మెజెంటా (ముదురు గులాబీ), దానికింద సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), అడుగున పసుపు. పైపొర ఒక్కటే లేస్తే గీత ఆకుపచ్చగా, రెండు పొరలు లేస్తే పసుపుగా, మూడూ పోతే తెల్లగా కనిపిస్తుంది. ఆకుపచ్చ వాన అంటే దెబ్బ ఇంకా పైపైనే ఉందన్నమాట.

చాలామంది మిషనుదే తప్పనుకుంటారు. దుమ్ము పట్టిన రోలరు, గేట్లో పేరుకున్న ఎమల్షన్ గీతలు వేసే మాట నిజమే. కానీ ఎక్కువ పాపం రివైండింగ్‌ది. వదులుగా చుట్టిన స్పూలుని బిగించడానికి కొస పట్టుకుని లాగితే, లోపలి చుట్లన్నీ ఒకదానిమీదొకటి రాసుకుంటాయి. మధ్యలో దుమ్ము ఉంటే ఉప్పుకాగితం పెట్టి తోమినట్టే. ఒక్క లాగుకి వందల అడుగులు పాడు. మొదటినుంచీ ఒకే బిగువుతో, తొందరపడకుండా చుట్టడం తప్ప దీనికి మందు లేదు.

కుడివైపు పైమూలన చుక్క మెరిసి మాయమయ్యేది. మా నాన్నగారు అది చూసి 'రీలు మారుతోంది' అనేవారు. ఎలా తెలిసేది?
– రాజాం పాఠకుడు

ఆ చుక్కలు ఆపరేటర్ కోసం వేసినవి. నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు మాత్రమే కనిపిస్తాయి. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు ఆన్ చెయ్యాలి. మరో ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క పడుతుంది. అప్పుడు ఒక మిషను వెలుగు మూసి రెండోదాని వెలుగు తియ్యాలి, సౌండు కూడా అటు మార్చాలి. రెండో చుక్క తర్వాత స్పూల్లో మిగిలేది సుమారు ఒక సెకను బొమ్మే.

ఆ ఏడెనిమిది సెకన్లు ఎందుకంటే, మోటారు సరైన వేగం అందుకోవాలి. అందుకోకముందే మారిస్తే పాట మంద్రంలో మొదలై సాగుతూ పైకి లేస్తుంది. ఆలస్యమైతే తెర తెల్లబడి, ఈలలు మొదలవుతాయి. కొసలు అరిగి చుక్కలున్న ఫ్రేములే పోయిన ప్రింట్లకి ఆపరేటర్లు మేకుతోనో సూదితోనో సొంతంగా గుర్తు గీక్కునేవారు. నాలుగు ఊళ్లు తిరిగేసరికి నాలుగు రకాల గుర్తులు తయారయ్యేవి. మీ నాన్నగారు ఏ గుర్తు చూసి చెప్పేవారో గానీ, కొత్త ఆపరేటరైతే తికమకపడేవాడే.

ఒకే ప్రింటుతో రెండు హాళ్లలో బొమ్మ ఆడించేవారట. సైకిలు మీద రీళ్లు మోసేవారని విన్నాను. లెక్క ఎలా కుదిరేది?
– నరసన్నపేట పాఠకుడు

కుదిరేది, రోడ్డు సహకరిస్తే. మొదటి హాల్లో మ్యాట్నీ 2.00 గంటలకి మొదలైందనుకోండి. తొలి స్పూలు 2.22కి అయిపోతుంది. రివైండింగ్‌కి 4 నిమిషాలు, సైకిలు ప్రయాణం 10 నిమిషాలు, రెండో హాల్లో మిషనుకి ఎక్కించడానికి 3 నిమిషాలు. 2.39కి బొమ్మ సిద్ధం. కాబట్టి రెండో హాలు 2.45కి మొదలుపెడితే చేతిలో ఆరు నిమిషాల వెసులుబాటు ఉంటుంది. రెండు మిషన్ల వేగమూ ఒకటే కనుక ఆ తేడా చివరిదాకా అలాగే నిలవాలి.

చెడేది ఎక్కడంటే, మొదటి హాల్లో కరెంటు పది నిమిషాలు పోతే ఆ ఆరు నిమిషాలూ కరిగి, రెండో హాలు ఖాళీ తెరతో నిలబడుతుంది. రెండో హాల్లో కరెంటు పోతే మాత్రం ఎవరికీ నష్టం లేదు, స్పూళ్లు ముందే వచ్చి వరసలో కూచుంటాయి. అందుకే కరెంటు నమ్మకంగా ఉండే హాలుకో, జనరేటరున్న హాలుకో ముందు ఆట ఇవ్వడం తెలివైన పని. ఇంటర్వెల్ కూడా రెండుచోట్లా ఒకే నిడివి ఉండాలి. మొదటి హాల్లో సోడాలు బాగా అమ్ముడవుతున్నాయని ఐదు నిమిషాలు సాగదీస్తే అవతల హాల్లో పళ్లపొడి స్లైడు, బట్టలకొట్టు స్లైడు మళ్లీ మొదటినుంచి తిరిగేవి. 2000 అడుగుల ఫిలిం ఒక్కటీ 5 కిలోల దాకా తూగుతుంది. డబ్బాతో కలిపితే ఇంకా ఎక్కువ. సైకిలు క్యారేజీకి రెండు డబ్బాలు కట్టడమే కష్టం. డబ్బా మీది నంబరు చూడకుండా ఎక్కిస్తే చచ్చిపోయిన అన్న తిరిగొచ్చి తమ్ముడి పెళ్లి చేసేవాడు.

శ్రీకాకుళానికి ఇంకో ముడి ఉంది. ఊళ్లో రైలు స్టేషను లేదు. రైల్లో వచ్చే పెట్టె ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, అక్కణ్నుంచి రోడ్డు మీద రావాలి. 'ప్రింటు ఇంకా రాలేదు' అనే బోర్డు వెనక ఒక్కోసారి ఆ పది పన్నెండు కిలోమీటర్లే ఉండేవి.

ఫిలిం మధ్యలో ఆగి, నడుమ గోధుమరంగు బుడగ లేచి తెరంతా పాకేది. హాలు తగలబడుతుందని భయపడేవాళ్లం. ప్రమాదం ఉండేదా?
– చీపురుపల్లి పాఠకురాలు

మీరు చూసే రోజులకి ఆ భయం అక్కర్లేదు. మిషన్లోని కార్బను కడ్డీల ఆర్క్ వెలుగు వేడికి ఒక్క ఫ్రేము సెకనులో ఇరవై నాలుగో వంతు నిలబడితే ఏమీ కాదు. ఫిలిం తెగో, చిల్లులు పోయో గేట్లో ఆగిపోతే మాత్రం క్షణాల్లో కరుగుతుంది. వేగం తగ్గగానే వెలుగుకి అడ్డంపడే ఇనప రేకు మిషన్లో ఉండాలి. అది బిగుసుకుపోయినా, సౌకర్యానికని ఆపరేటర్ కట్టేసినా మీరు చూసిన బుడగ లేస్తుంది. కరిగేది ఆ ఒకటి రెండు ఫ్రేములే.

1950ల తొలినాళ్ల దాకా వచ్చిన నైట్రేట్ ఫిలిం సంగతి వేరు. అది అంటుకుందంటే నీళ్లు పోసినా ఆరదు, గాలి లేకుండా కూడా మండుతుంది. కేబిన్‌కి మందపాటి గోడలు, కిటికీలకి జారి మూసుకునే ఇనప రేకులు, గుమ్మం పక్కన ఇసక బకెట్లు పెట్టే పద్ధతి ఆ కాలంలో పుట్టిందే. ఆ తర్వాతి సేఫ్టీ ఫిలిం కరుగుతుందే గాని భగ్గుమనదు.

ఇదే ఉత్తరంలో తెర ఉన్నట్టుండి పసుపు తిరగడం గురించీ అడిగారు. అది కార్బన్ల వల్ల. రాగి పూతున్న రెండు కార్బను కడ్డీల కొసల మధ్య డి.సి. కరెంటు మండి వెలుగిచ్చేది. వెనకున్న అద్దం దాన్ని గేటు మీదికి కూడగట్టేది. కడ్డీలు కాలుతున్నకొద్దీ దగ్గరికి జరుపుతుండాలి. కొసకీ అద్దానికీ మధ్య కొలత తప్పితే తెర పసుపుగానో నీలంగానో మారుతుంది, ఎడం మరీ పెరిగితే ఆర్క్ ఆరిపోతుంది. ఆపరేటర్ భోజనం క్యారేజీ విప్పిన ఘడియే తెర మసకబారే ఘడియ. జినాన్ దీపాలు వచ్చాక ఈ కాపలా తప్పింది.

తెలుగులో మొదటి స్కోపు, 70 ఎం.ఎం. సినిమాలు ఏవి?
– ఇచ్ఛాపురం పాఠకుడు

స్కోపు, అంటే వెడల్పు తెర బొమ్మ, 'అల్లూరి సీతారామరాజు', 1974. 70 ఎం.ఎం. 'సింహాసనం', 1986. స్కోపు ప్రింటులో బొమ్మ అడ్డంగా సగానికి నొక్కి ఉంటుంది, ముందు పెట్టే ప్రత్యేక లెన్సు దాన్ని మళ్లీ రెండింతలు విప్పుతుంది. లెన్సు మార్చడం మరిచిపోతే అందరూ తాటిచెట్లంత పొడుగ్గా, వెదురు బద్దల్లా కనిపించేవారు. 70 ఎం.ఎం.కి మాత్రం మిషనే వేరు, లెన్సు మారిస్తే కుదరదు.

టూరింగ్ టాకీసులో అరగంట కాకుండానే లైట్లు వేసేసేవారు. నాలుగైదు ఇంటర్వెల్స్ ఎందుకు?
– పలాస పాఠకుడు

పల్లీలవాడి కోసం కాదు. అక్కడ మిషను ఒక్కటే. స్పూలు అవగానే ఆపి, తీసి, కొత్తది ఎక్కించి, గేటుకి పైన కింద ఫిలింని వదులుగా వదిలే లూపులు సరిచూసుకుని మళ్లీ వెయ్యడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఎనిమిది స్పూళ్ల బొమ్మకి ఏడుసార్లు ఆగాలి. తొందరలో లూపు చిన్నగా వదిలితే బొమ్మ గడగడలాడుతుంది. లూపు నాలుగైదు ఫ్రేములు తేడా వస్తే పెదవులకీ మాటకీ పొంతన ఉండదు. ఆటకి ముందు వేసే రికార్డుల్లో చివరిదైన దేవుడి పాట వినబడ్డాక ఇంట్లోంచి బయల్దేరినా నేల టికెట్టు దొరికేదంటే, ఈ నిదానం మీద అందరికీ ఉన్న నమ్మకమే.

మా తాతగారి పెట్టెలో పాత సినిమా పాటల పుస్తకాలు ముప్పై దాకా దొరికాయి. వాటిపై తేదీలు లేవు. ఏ కాలానివో ఎలా పోల్చాలి? ఎలా దాచాలి?
– నెల్లిమర్ల పాఠకురాలు

ముందు వెల చూడండి. అణాల్లో ఉంటే చాలావరకు 1957 ఏప్రిల్ 1కి ముందుది. 'న.పై.' అని ఉంటే ఆ తేదీకీ 1964 జూన్‌కీ మధ్యది, ఎందుకంటే 'నయా' అనే మాట అప్పుడు తీసేశారు. ఉత్త 'పైసలు' అయితే ఆ తర్వాతది. రెండోది ప్రెస్ చిరునామా. 'మద్రాసు-17' అన్నట్టు చిన్న అంకె ఉంటే 1972 ఆగస్టులో పిన్‌కోడ్ రాకముందుదయ్యే అవకాశం ఎక్కువ. ఆరంకెలుంటే తప్పకుండా తర్వాతది. ఒక్క జాగ్రత్త: మంచి బొమ్మ మళ్లీ విడుదలైనప్పుడల్లా పుస్తకమూ మళ్లీ అచ్చయ్యేది. కాబట్టి మీకు తెలిసేది పుస్తకం వయసే, సినిమా వయసు కాదు.

అది నాసి కాగితం. తనలోని ఆమ్లానికి తనే పసుపెక్కి పెళుసవుతుంది. లామినేషన్ అసలు వద్దు, ఒకసారి చేస్తే వెనక్కి రాదు. సెల్లోటేపు పదేళ్లలో గోధుమరంగు మరకై అక్షరాల్ని తినేస్తుంది. తుప్పు పట్టిన పిన్నుని లాగకండి. కాళ్లు వెనకనుంచి నిటారుగా లేపి, రెండు ముక్కలుగా తుంచి తియ్యండి. ఆమ్లం లేని కాగితం కవర్లలో బల్లపరుపుగా పడుకోబెట్టి, గోడకి ఆనని బీరువాలో నడిమి అరలో ఉంచండి. వేపాకు మంచిదే గాని, ఆకు మరక కాగితానికి అంటుతుంది. తెరిచి దాచేముందు ఒక్కో పేజీ పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకోండి. 'తరువాయి వెండితెరపై' అని కథ ఆపేసిన పేజీ కూడా వదలకండి, ఆ రోజుల అమ్మకపు నేర్పంతా అక్కడే ఉంది.

అటక మీద రేకు డబ్బాలో ఒక రీలు ఉంది. మూత తీస్తే పుల్లటి ఘాటు వాసన. బొమ్మలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఏం చెయ్యాలి?
– టెక్కలి పాఠకుడు

ఆ వాసన వెనిగర్‌ది. అసిటేట్ ఫిలిం (పైన చెప్పిన సేఫ్టీ ఫిలిం) కుళ్లుతూ వదిలే ఆమ్లం అది. ఆ ఆమ్లమే కుళ్లుని ఇంకా వేగం చేస్తుంది, పక్కనున్న మంచి రీళ్లకీ అంటిస్తుంది. ఈ రోజే ఆ డబ్బాని మిగతావాటినుంచి వేరుచెయ్యండి. రేకు డబ్బాలో బిగించి ఉంచకండి. గాలి ఆడే అట్టపెట్టెలోకి మార్చి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, పొడిగా ఉండే గదిలో పెట్టండి. అటక ఎండకి ఉడుకుతుంది, మన కోస్తా తేమ దానికి తోడు. గట్టిపడి అలలు తిరిగిన ఫిలిం విప్పితే విరుగుతుంది, బలవంతం చెయ్యొద్దు.

ఫిలిం అంచు మీద 'సేఫ్టీ' అనే ఇంగ్లిషు అక్షరాలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే, పైగా బొమ్మ 1950ల తొలినాళ్లదో అంతకు ముందుదో అయితే, నైట్రేట్ అనుకుని ఇంట్లోంచి దూరంగా తీసేసి నిప్పుకి ఆమడ దూరంలో పెట్టాలి. మీది కలరు కాబట్టి చాలావరకు ఆ భయం లేదు. ఎరుపుకి కారణం, ముందు సయాన్ రంగు వెలిసిపోవడం. మిగిలిన మెజెంటా అంతటా పరుచుకుంటుంది. ఫిలింలో పోయిన రంగు తిరిగి రాదు గాని, స్కాన్ చేశాక కంప్యూటర్‌లో కొంత సర్దుకోవచ్చు. పుణెలోని జాతీయ ఫిలిం ఆర్కైవ్ ఇలాంటివి సేకరిస్తుంది. అంచు అక్షరాలు, పొడవు, పది ఫ్రేముల ఫొటోలు జతచేసి వారికి రాయండి.

చిన్నప్పుడు బల్బులో నీళ్లు పోసి గోడ మీద ఫిలిం ముక్కలు చూసేవాళ్లం. మనవలకి చూపించాలని ఉంది. కొలతలు చెప్పండి.
– గజపతినగరం పాఠకుడు

బల్బు పగలగొట్టే పని ఇప్పుడొద్దు. పైగా ఎల్‌ఈడీ బల్బులు అందుకు పనికిరావు. 10 సెంటీమీటర్ల ఫోకస్ ఉన్న భూతద్దం తీసుకోండి. కిటికీ ఎదురుగోడకి భూతద్దం పట్టి ముందుకీ వెనక్కీ జరపండి, బయటి చెట్టు గోడ మీద తలకిందులుగా స్పష్టంగా పడినప్పుడు గోడకీ భూతద్దానికీ మధ్య దూరమే ఫోకస్. అట్టలో 22 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. ఎత్తు కన్నం కోసి, ఫ్రేముని తలకిందులుగా అంటించండి. భూతద్దం దానికి పదిన్నర సెంటీమీటర్ల దూరంలో, గోడ రెండు మీటర్ల అవతల ఉండాలి. బొమ్మ ఓ మూర వెడల్పు వస్తుంది.

గది తలుపులన్నీ మూసి, ఒక్క సందులోంచి ముఖం చూసుకునే అద్దంతో ఎండని లోపలికి మళ్లించాలి. ఆ అద్దం పట్టుకునే పని పెద్దవాళ్లదే, పిల్లల కళ్లలో పడకూడదు.   వెలుగు చాలదని ఫిలిం వెనక ఇంకో భూతద్దం మాత్రం పెట్టకండి, ఎండంతా ఒక్కచోట చేరి ముక్క కరిగిపోతుంది. అద్దం మళ్లించే ఎండ ఒక్కచోట నిలవదు, సూర్యుడు కదులుతాడు కదా. రెండు మూడు నిమిషాలకోసారి కాస్త తిప్పుకోవాలి.